ఇంట్లో లైట్లు ఎల్‌ఈడీకి మార్చాలా? ముందు మీటరు దగ్గరికి వెళ్ళండి

ఎల్‌ఈడీ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని అందరూ అంటారు. ఎంత తగ్గిందని అడగండి, ఒక్కరూ నోరు విప్పరు. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఏడు బల్బులు మార్చి, రెండు నెలలు ఆగి బిల్లు చూస్తే మునుపటికీ దానికీ పెద్ద తేడా లేదు. కారణం వెతికితే తప్పు నాదే. నేను మార్చినవి బాత్రూము, స్టోర్ రూము, బాల్కనీ లైట్లు. రోజుకి అరగంట వెలిగేవి. హాల్లో సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా వెలిగే చోక్ ట్యూబులైటు జోలికి మాత్రం పోలేదు, మార్చడం కాస్త పని కాబట్టి.

అందుకని ఈ పని షాపులో మొదలుపెట్టకండి.

మొదటి పని: మీటరు ముందు నిలబడండి

మీ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి మెరుస్తుంటుంది. దాని పక్కనే 3200 అనో, 1600 అనో ఒక అంకె, ‘ఇంప్’ అన్న మాట ఉంటాయి. 3200 అని ఉంటే ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో ఏ లైటు ఎంత తాగుతోందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన పరికరం లేదు, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై డబ్బా, టీవీ ప్లగ్గులు అన్నీ తీసేయండి. కొలవాల్సిన ఒక్క లైటు మాత్రం వేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక మెరుపుకీ తర్వాతి మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. మీటరు 3200ది అయితే 1125ని ఆ సెకన్లతో భాగించండి, వాట్లు వచ్చేస్తాయి. 1600 మీటరయితే 2250ని భాగించాలి. 

పాత 60 వాట్ల బల్బు ఒక్కటే వేస్తే 3200 మీటరు దాదాపు 19 సెకన్లకోసారి మెరుస్తుంది. దాన్ని తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే రెండో మెరుపు కోసం రెండు నిమిషాల పైన నిలబడాలి, కచ్చితంగా చెప్పాలంటే 125 సెకన్లు. మా అపార్ట్‌మెంట్‌లో మీటర్లు సెల్లార్‌లో ఉంటాయి. మా అబ్బాయి పైన స్విచ్చు దగ్గర, నేను కింద దోమల మధ్య ఫోన్ పట్టుకుని. మీటరు చెడిపోయిందేమో అనుకునేంతలో మెరిసింది. ఎల్‌ఈడీ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రెండు నిమిషాల్లోనే.

మెరిసే ఆ ఎర్ర దీపం కూడా ఎల్‌ఈడీనే. కంటికి కనిపించే వెలుగునిచ్చే ఎల్‌ఈడీని 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. అదీ ఎర్రదే. తర్వాత ముప్పై ఏళ్ళ పాటు ఈ దీపాలు కాలిక్యులేటర్లకీ, రేడియోలకీ, మీటర్లకీ పరిమితమయ్యాయి. ఇల్లు వెలిగించడానికి ఎందుకు పనికిరాలేదో కాసేపట్లో ఒక పాడైపోయిన బల్బు విప్పి చూద్దాం.

రెండో పని: వాట్లు కాదు, గంటలు రాయండి

ఒక కాగితం తీసుకుని ఇంట్లో ప్రతి లైటుకీ ఎదురుగా అది రోజుకి ఎన్ని గంటలు వెలుగుతుందో రాయండి. వాట్లని గంటలతో, 30 రోజులతో గుణించి వెయ్యితో భాగిస్తే నెలకి ఎన్ని యూనిట్లో వస్తుంది. ఈ లెక్క నేను మా ఊళ్ళో అమ్మ ఇంటికి కట్టాను.

వీధి వరండాలో 60 వాట్ల బల్బు. సాయంత్రం దీపాల వేళ వేస్తే తెల్లారి ముగ్గు వేసేటప్పుడు ఆపుతారు, పదకొండు గంటలు. నెలకి 19.8 యూనిట్లు. అక్కడ 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 3 యూనిట్లు. ఒక్క బల్బుతో దాదాపు 17 యూనిట్లు మిగిలాయి.

ముందుగదిలో చోక్ ఉన్న పాత ట్యూబులైటు. ట్యూబు మీద 40 వాట్లని ఉంటుంది కానీ చోక్ తినేది కలిపితే 50 దాకా పోతుంది. మీటరు దగ్గర కొలిస్తే ఇది బయటపడుతుంది, డబ్బా మీద చదివితే పడదు. రోజుకి ఆరు గంటలకి నెలకి 9 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుకి 3.6.

ఇక దేవుడి గదిలో జీరో బల్బు. “జీరో అంటే జీరోయే కదరా, దానికేం కాలుతుంది” అంటుంది అమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. ఆ చిన్న ఫిలమెంటు బల్బు 15 వాట్ల దాకా తీసుకుంటుంది. పాత చక్రం మీటర్లు అంత తక్కువ లోడుకి సరిగ్గా తిరిగేవి కావు కాబట్టి జీరో అయింది. ఇప్పటి మీటర్లు దాన్నీ వదలవు. మా ఇంట్లో అది పగలూ రాత్రీ వెలిగేది. 15 వాట్లు, 24 గంటలు, నెలకి 10.8 యూనిట్లు. అర వాటు ఎల్‌ఈడీ పెడితే అర యూనిట్ కూడా కాదు.

మూడు మార్పులు, నెలకి 32 యూనిట్ల పైన. అన్నిటికీ కలిపి అయిన ఖర్చు నాలుగు వందల లోపే. అదే నా బాత్రూము బల్బు సంగతి చూడండి. రోజుకి గంట వెలిగిందనుకున్నా 60 వాట్ల పాతదానికీ 9 వాట్ల కొత్తదానికీ నెలకి తేడా ఒకటిన్నర యూనిట్. అది మార్చొద్దని కాదు, చివర్లో మార్చండి.

మీ ఇంట్లో ఇప్పటికే సీఎఫ్ఎల్ బల్బులుంటే వాటినీ తొందరపడి తీసేయకండి. 15 వాట్ల సీఎఫ్ఎల్‌కీ 9 వాట్ల ఎల్‌ఈడీకీ తేడా ఆరు వాట్లే. అది పోయేదాకా వాడుకుని అప్పుడు మార్చండి.

మూడో పని: బిల్లు వెనక్కి తిప్పి స్లాబులు చూడండి

మిగిలిన యూనిట్ విలువ ఎంత అన్నది మీరు ఏ స్లాబులో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మిగిలేవి ఎప్పుడూ చివరి యూనిట్లే, అంటే ఖరీదైనవి. ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్య నడిచిన రేట్లలో ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 126 నుంచి 225 దాకా 6 రూపాయల చొప్పున, 226 నుంచి 400 దాకా 8.75 చొప్పున. అమ్మకి నెలకి 165 యూనిట్లు వచ్చేవి. అందులో తగ్గిన 32 యూనిట్లూ ఆరు రూపాయల యూనిట్లే. ఈ రేట్లతో చూస్తే నెలకి 190 రూపాయల పైన. పెట్టిన డబ్బు రెండు నెలల్లో వచ్చేసినట్టే.

తెలంగాణలో ఉన్నవాళ్ళు 200 అంకె మీద కన్నేసి ఉంచాలి. ఇక్కడ 200 దాటితే ఆ పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. 200 దాకా ఉంటే మొదటి వందకి 3.40, తర్వాతి వందకి 4.80. మొత్తం 820 రూపాయలు. 201 అయితే మొదటి 200కి 5.10 చొప్పున 1020, ఆ పై ఒక్క యూనిట్‌కి 7.70. అంటే 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు పెట్టి కొన్నట్టు. ఇది కరెంటు చార్జీ ఒక్కటే, మిగతా వడ్డింపులు వేరే. గృహజ్యోతి కింద 200 లోపు ఉచితంగా వచ్చే ఇళ్ళకి ఇంకా నొప్పి, గీత దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి. 205, 210 దగ్గర కొట్టుమిట్టాడే ఇంటికి ఒక చోక్ ట్యూబు, ఒక గుమ్మం లైటు మార్చడమంటే సున్నా బిల్లుకీ వెయ్యి రూపాయల బిల్లుకీ మధ్య తేడా. రేట్లు ఏటా సవరిస్తుంటారు కాబట్టి మీ తాజా బిల్లు మీద ఉన్న అంకెలతోనే లెక్క కట్టుకోండి.

నాలుగో పని: షాపులో డబ్బా చదవండి

షాపతను “ఎన్ని వాట్లు కావాలి సార్” అంటాడు. మీరు ల్యూమెన్లు ఎన్ని అని అడగండి. వాటు అంటే అది తినేది, ల్యూమెన్ అంటే అది ఇచ్చే వెలుతురు. పాత 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల దరిదాపుల్లో ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 800 నుంచి 900 ఇస్తుంది. అదే 9 వాట్లని రాసి ల్యూమెన్లు ఎక్కడా రాయని డబ్బా కనిపిస్తే పక్కన పెట్టేయండి. డబ్బా మీద ఐఎస్ 16102 అన్న ప్రమాణం, నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కరెంటు పొదుపుని బట్టి బీఈఈ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నక్షత్రాల లేబుల్ మీద వాటుకి ఎన్ని ల్యూమెన్లో కూడా ఉంటుంది. ఎక్కువ ఉన్నది తీసుకోండి.

పల్లెల్లో ఇంకో రెండు చూడాలి. ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుంది, సర్జ్ ప్రొటెక్షన్, అంటే ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీ నుంచి రక్షణ, ఎన్ని కేవీ (వేల వోల్టులు). సాయంత్రం మోటార్లన్నీ ఆడేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది, అవి ఆగగానే లేస్తుంది, ఉరుములొస్తే చెప్పక్కర్లేదు. 100 నుంచి 300 వోల్టుల దాకా, 4 కేవీ అని ఉన్నవి దొరుకుతాయి. పది ఇరవై రూపాయలు ఎక్కువైనా అవే కొనండి.

రంగు విషయంలో మనవాళ్ళ అలవాటు తెల్లగా మెరిసిపోవాలని. డబ్బా మీద రంగు చెప్పే అంకె 6500కె అంటే ఆ నీలితెలుపు, 3000 అంటే పాత బల్బులాంటి పసుపు, 4000 ఆ మధ్యది. వంటిల్లు, పిల్లలు చదువుకునే చోటు 4000 కానీ 6500 కానీ పెట్టుకోండి. పడకగదిలో మాత్రం 3000దే మంచిది, రాత్రిపూట నీలం వెలుగు నిద్రని దూరం చేస్తుంది. వరండాకీ పసుపే నా ఓటు. వానాకాలంలో ఉసుళ్ళు తెల్ల లైటుకి వచ్చినంతగా పసుపు లైటుకి రావు, అన్నంలో పడవు. బీరువా అద్దం దగ్గర పెట్టే లైటుకి సీఆర్ఐ 90 ఉన్నది అడగండి, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో వందకి చెప్పే అంకె అది. తక్కువ సీఆర్ఐ లైటు కింద మెరూన్ చీర గోధుమరంగులా కనిపిస్తుంది, పెళ్ళికి వెళ్ళాక గానీ తెలియదు.

ధర గురించి ఒక మాట. 2014లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొన్నప్పుడు ఒక్కో బల్బుకి 310 రూపాయలు పడింది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడంతో 2016కల్లా అది 38కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత బల్బు ఇచ్చి పది రూపాయలకి ఎల్‌ఈడీ తెచ్చుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2015 జనవరి 5న దేశమంతా మొదలై, తర్వాత ఉజాలాగా పేరు మారిన పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని అతలాకుతలం చేశాక, అక్కడి వీధి దీపాలు 90 వేలకు పైగా ఎల్‌ఈడీలుగానే తిరిగి వెలిగాయి. ఇప్పుడు షాపులో మంచి 9 వాట్ల బల్బు వంద రూపాయల దగ్గర దొరుకుతోంది. నలభై రూపాయలకి వచ్చేది కూడా ఉంది. అది ఎందుకు కొనకూడదో కింద చదవండి.

పాడైపోయిన బల్బు లోపల

మా హాల్లో ఏడాదికే పోయిన ఒక చవక బల్బుని డైనింగ్ టేబుల్ మీద విప్పాను. తెల్ల ప్లాస్టిక్ బుడగ కింద స్పూను పెట్టి తిప్పితే టక్కున ఊడింది. లోపల రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద అల్యూమినియం రేకు, దాని మీద వరసగా పసుప్పచ్చని చిన్న చదరాలు. వెలుగు తెల్లగా వస్తే ఈ చుక్కలు పసుపుగా ఎందుకున్నాయి?

ఆ పసుపు కింద ఉన్నది నీలం ఎల్‌ఈడీ. ఎరుపు 1962లోనే వచ్చింది, నీలం మాత్రం ఎంతకీ దొరకలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని చాలామంది విసిగిపోయి వదిలేస్తే, జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో పట్టుకుని కూర్చున్నారు. తోకుషిమాలోని నిచియా అనే కంపెనీలో షుజి నకమురా విడిగా అదే దారిలో వెళ్ళి 1993లో బాగా వెలిగే నీలం దీపం చూపించాడు. ఆ నీలం వెలుగు మీద పసుపు పూత వేస్తే రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. మన ఇళ్ళలో బల్బులన్నీ ఆ పూత మహిమే. 2014 ఫిజిక్స్ నోబెల్ ఆ ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

నా టేబుల్ మీది రేకులో ఒక పసుపు చదరం మధ్యలో సూది మొనంత నల్ల చుక్క ఉంది. కాలిపోయింది అదొక్కటే. వినాయక చవితి పందిట్లో సీరియల్ సెట్టులాగే ఇవన్నీ ఒకే దారంలో ఉంటాయి, ఒకటి పోతే బల్బంతా ఆరిపోతుంది. ఇంకో బల్బులో చదరాలన్నీ బాగానే ఉన్నాయి, కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే డ్రైవర్ బోర్డు మీద చిన్న గొట్టంలాంటి కెపాసిటర్ తల ఉబ్బిపోయింది. రెంటికీ కారణం వేడి. ఎల్‌ఈడీ పాత బల్బంత వేడెక్కదు నిజమే, కానీ ఆ కాస్త వేడి పోవడానికి వెనక దళసరి అల్యూమినియం ఉండాలి. నలభై రూపాయల బల్బు చేతిలో దూదిలా తేలిగ్గా ఉండడానికి కారణం అక్కడ అది లేకపోవడమే. డబ్బా మీద 25,000 గంటలని రెంటి మీదా రాసి ఉంటుంది. రోజుకి పదకొండు గంటలు వెలిగితే అది ఆరేళ్ళ పైమాట. షాపులో రెండు బల్బులు చెరో చేతిలో పట్టుకుని బరువు చూడండి.

ఆ నల్ల చుక్కని టంకంతో అతికించి బల్బు బతికించే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి. దయచేసి చేయకండి. బుడగ ఊడిన చవక బల్బులో ఆ రేకు మీద నేరుగా లైను కరెంటు ఉంటుంది.

ఐదో పని: బిగించడం

పిన్ హోల్డరుకి పిన్ బల్బు, స్క్రూ హోల్డరుకి స్క్రూ బల్బు, అంతవరకూ ఎవరైనా చేస్తారు. మెయిన్ ఆపి మార్చండి. స్విచ్చు ఒక్కటే ఆపితే చాలదు, చాలా పాత ఇళ్ళలో స్విచ్చు కరెంటు తెచ్చే ఫేజు వైరుకి బదులు న్యూట్రల్ వైరు మీద ఉంటుంది, అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. మీ ఇంట్లో ఇలా ఉందని ఎల్‌ఈడీనే చెప్పేస్తుంది. స్విచ్చు ఆపాక కూడా బల్బు మసగ్గా వెలుగుతుంటే అనుమానించండి. మా అత్తగారింట్లో అలా వెలిగితే రెండు రోజులు టెన్షన్ పడ్డారు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్చు వైర్లు మార్చాక పోయింది. స్విచ్చులోనే చిన్న ఎర్ర ఇండికేటర్ ఉన్నా ఇలా అవుతుంది, దానికి భయం లేదు.

అన్ని వైపులా మూసేసిన గాజు డూముల్లో 9 వాట్ల పైన పెట్టకండి, వేడి లోపలే ఉండిపోతుంది. డిమ్మర్ రెగ్యులేటరు ఉన్న పాయింటుకి మామూలు ఎల్‌ఈడీ పనికిరాదు, గిలగిలా కొట్టుకుంటుంది.

ట్యూబులైటు దగ్గర జాగ్రత్త. పాత పట్టీ అలాగే ఉంచి ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కటే కొని దూర్చకండి. చోక్, స్టార్టర్ తీసేసి వైరింగు మార్చాలి, ఆ ట్యూబుకి కరెంటు ఒక వైపు నుంచి ఇవ్వాలో రెండు వైపులా ఇవ్వాలో చూడాలి. తప్పితే షార్టవుతుంది. రెండు మూడు వందల్లో పట్టీతో సహా వచ్చే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు కొనేయడం సులువు. రెండు స్క్రూలు, రెండు వైర్లు.

బిగించాక ఫోన్ కెమెరా తెరిచి లైటు వైపు పెట్టండి. తెర మీద నల్ల చారలు పాకుతుంటే ఆ బల్బు కంటికి తెలియకుండా మినుకుతోంది. చదువుకునే గదిలో అది వద్దు, షాపులో తిరిగి ఇచ్చేయండి.

ఆరో పని: మళ్ళీ మీటరు

అన్నీ మార్చాక సెల్లార్‌కి ఇంకోసారి దిగండి, పాత సెకన్ల పక్కన కొత్త సెకన్లు రాయండి. తగ్గాల్సినంత తగ్గకపోతే పై కప్పు వైపు చూడండి. ఫాల్స్ సీలింగులో పన్నెండు గుండ్రటి లైట్లు, ఒక్కోటి 12 వాట్లు, అన్నీ ఒకే స్విచ్చు మీద. 144 వాట్లు. పాత అరవై బల్బులు రెండు వేసుకుంటే ఇంతకన్నా తక్కువ కాలేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వాటిని మూడు స్విచ్చులుగా విడగొట్టించండి.

తీసేసిన సీఎఫ్ఎల్ పగలకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి, అందులో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తీసి కాసేపు గది బయట ఉండండి, తర్వాత అట్టముక్కతో ఎత్తండి, చీపురు పెట్టకండి.

ఇంకొకటి, కొన్న రోజే బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, బల్బు మెడ మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాయండి. రెండేళ్ళ వారంటీ ఉన్నా బిల్లు లేక ఊరుకునేవాళ్ళే ఎక్కువ. అమ్మ వాళ్ళ వరండా బల్బు మెడ మీద నేను రాసిన తారీఖులో నెల చెరిగిపోయింది, సంవత్సరం మిగిలింది. 2019.